నడుము నొప్పికి పడుకునే ఆక్యుప్రెషర్ మ్యాట్: ఏది కొనాలి, ఎవరు వాడాలి?

బ్యాంకు కౌంటరు, గుంటూరు

అందరికీ నమస్కారం. నా వయసు 41. బ్యాంకులో ఉద్యోగం కావడంతో ఉదయం నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే గడుస్తుంది. కొన్ని నెలలుగా నడుము కింది భాగం పట్టేసినట్టు, బరువుగా ఉంటోంది. సాయంత్రానికి నొప్పి ఎక్కువవుతుంది, కాసేపు నడిస్తే తగ్గుతుంది. ఎముకల వైద్యుడికి చూపించుకున్నాను. నరం మీద ఒత్తిడి ఏమీ లేదనీ, ఇది కండరాల నొప్పేననీ చెప్పి కొన్ని వ్యాయామాలు రాసిచ్చారు. అవి చేస్తూనే ఉన్నాను. వాటికి తోడుగా, రాత్రి నిద్రకు ముందు ముళ్ళ మ్యాట్ మీద కాసేపు పడుకుంటే ఒళ్ళు వదులవుతుందని మా సహోద్యోగి ఒకరు చెప్పారు.

ఆన్‌లైన్‌లో చూస్తే మూడు నాలుగు వందల రూపాయల నుంచి ఐదారు వేల దాకా కనిపిస్తున్నాయి. ఒకరు ఆరు వేల ముళ్ళంటారు, ఇంకొకరు ఎనిమిది వేలంటారు. కొన్నింటి లోపల స్పాంజి, కొన్నింటిలో కొబ్బరి పీచు. వీటిలో దేన్ని చూసి ఎంచుకోవాలి?

ఇంకో విషయం కూడా అడగాలి. మా అత్తగారికి 68 ఏళ్ళు. చాలాకాలంగా షుగరు ఉంది, గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు. ఆమెకూ నడుము నొప్పి ఉంది. మ్యాట్ ఇంటికి వస్తే తానూ వాడతానంటున్నారు. ఇద్దరికీ ఒకటే సరిపోతుందా?

విశ్రాంత మాస్టారు, అమలాపురం

అమ్మా, ముందుగా ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర ఈ పేరుతో అమ్మేవి రెండు వేర్వేరు వస్తువులు. మొదటిది గట్టి ప్లాస్టిక్ పలక. దాని మీద పిరమిడ్ ఆకారపు మొనలు, మధ్యలో అయస్కాంత బిళ్ళలు, అంచున పాదాల బొమ్మ ఉంటాయి. అది నిలబడి పాదాలతో తొక్కడానికి చేసినది. హైదరాబాదు నాంపల్లి నుమాయిష్ మొదలుకొని మా ఊరి తీర్థం దాకా ఎక్కడ చూసినా దుకాణాల్లో ఉండేది అదే. మీకు మూడు నాలుగు వందలకు కనిపించినవి చాలావరకు ఆ రకమే. దాని మీద వెల్లకిలా పడుకుంటే వెన్నెముక కణుపులు నొక్కుకుపోవడమే తప్ప ఉపయోగం ఉండదు.

మీరు అడుగుతున్నది రెండోది. మెత్తని పరుపు, దాని మీద గుడ్డ తొడుగు, ఆ తొడుగు మీద వరుసగా అమర్చిన పువ్వుల్లాంటి ప్లాస్టిక్ బిళ్ళలు, ప్రతి బిళ్ళకూ సన్నని ముళ్ళు. సుమారు 65 సెంటీమీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కొనేముందు ఫొటో ఒక్కటే చూడకుండా కొలతలు కూడా చదవండి. పొడవు 30, 35 సెంటీమీటర్లని రాసి ఉంటే అది పాదాల పలకే.

లెక్కల ఇంజినీరు, కూకట్‌పల్లి

ముళ్ళ సంఖ్య గురించి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ తికమకపడేది అక్కడే. సంఖ్య ఎక్కువైతే మ్యాట్ బలంగా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. అరవై కిలోల మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు వీపు, నడుము భాగాల నుంచి ముప్పై కిలోల బరువు మ్యాట్ మీద పడిందనుకుందాం. ఆ సమయంలో ఒంటికి నిజంగా తగులుతున్న ముళ్ళు 2,000 అయితే ఒక్కో ముల్లు మోసేది 15 గ్రాములు. తగిలేవి 1,000 మాత్రమే అయితే ఒక్కో దాని మీద 30 గ్రాములు పడతాయి. అంటే ముళ్ళు తగ్గేకొద్దీ గుచ్చుకోవడం పెరుగుతుంది. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారికి ఎక్కువ ముళ్ళున్న, దగ్గర దగ్గరగా అమర్చిన మ్యాట్ నయం. నాలుగు వేల ముళ్ళవి అలవాటైనవారి కోసం.

ప్రకటనలోని సంఖ్యను మీరే సరిచూసుకోవచ్చు. ఫొటోలో అడ్డంగా ఎన్ని బిళ్ళలున్నాయో, నిలువుగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని ఒక బిళ్ళలోని ముళ్ళతో గుణించండి. ఒక్కో బిళ్ళకు 27 ముళ్ళ చొప్పున 230 బిళ్ళలుంటే 6,210 అవుతుంది. అదే కొలతల మ్యాట్‌కు పన్నెండు వేలని రాసి ఉండి, ఫొటోలో మాత్రం ఇన్నే బిళ్ళలు కనిపిస్తే ఆ అమ్మకందారు మిగతా మాటలను కూడా నమ్మనక్కర్లేదు.

ముల్లు మొన కూడా ముఖ్యమే. సూదిలా పదునుగా ఉన్నది మంచిదని కొందరంటారు. నా ఉద్దేశంలో మొన సన్నగా ఉంటూనే చివర కొద్దిగా గుండ్రబడి ఉండాలి. చేతికి అందితే అరచేతితో గట్టిగా నొక్కి చూడండి. ఏ ఒక్క ముల్లూ విడిగా గుచ్చుకోకుండా మొత్తం మీద ఒకే రకమైన ఒత్తిడి తెలియాలి. అచ్చులో సరిగా పోయని ప్లాస్టిక్‌కు అంచుల్లో చిన్న చిన్న పొరలు మిగిలిపోతాయి. చర్మాన్ని గీరేవి అవే.

ఫిజియోథెరపీ, హనుమకొండ

గుంటూరు మేడమ్ గారూ, మీ విషయం, మీ అత్తగారి విషయం విడివిడిగా చూడాలి.

ముందు అత్తగారి గురించి చెబుతాను. ఆమె ఈ మ్యాట్ వాడకూడదు. కుదురుతుందేమో చూద్దామని ఒకసారి ప్రయత్నించడం కూడా వద్దు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో నరాలు దెబ్బతిని చర్మానికి స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు అతిగా నొక్కుతున్నా వారికి తెలియదు, తెలియకుండా పడిన గాయం మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. పైగా రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవారికి కొద్దిపాటి ఒత్తిడికే చర్మం కింద రక్తం చేరి కమిలిన మచ్చలు పడతాయి. వయసుతో చర్మం కూడా పలుచబడి ఉంటుంది. పాదాలతో తొక్కే పలక ఆమెకు ఇంకా ప్రమాదం, ఎందుకంటే షుగరు ఉన్నవారిలో స్పర్శ ముందుగా తగ్గేది పాదాలకే. గర్భిణులు, చర్మవ్యాధులున్నవారు, ఎముకలు గుల్లబారినవారు కూడా వైద్యుడిని అడగకుండా ఈ వస్తువు జోలికి వెళ్ళకూడదు.

ఇక మీ విషయం. మీరు ముందే వైద్యుడికి చూపించుకోవడం చాలా మంచి పని. ఇది చదివే మిగతావారి కోసం ఒక హెచ్చరిక చెబుతాను. నడుము నొప్పితో పాటు మల మూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాలిలో బలం తగ్గుతున్నా అది అత్యవసర పరిస్థితి. మ్యాట్ గురించి ఆలోచించకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్ళు పడుకున్నా తగ్గని నొప్పి, గతంలో క్యాన్సరు వచ్చి ఉండటం, పెద్ద వయసులో జారిపడిన తర్వాత మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు చేయించుకోవాలి.

ఇవేవీ లేని మీవంటివారికి మ్యాట్ వల్ల కొంత ఉపశమనం కలగవచ్చు. దాని పరిధి అంతవరకే. జారిన డిస్కును అది లోపలికి నెట్టదు, అరిగిన వెన్నుపూసను తిరిగి పెంచదు.

కంది రైతు, నంద్యాల

ఫిజియోథెరపీ గారి చివరి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నాకు డిస్కు జారి ఎడమ కాలు తొడ నుంచి మడమ దాకా లాగేది. ఎమ్మారై కూడా తీయించాను. ఆపరేషను గురించి ఆలోచించుకోమన్నారు. మా అన్నయ్య తెచ్చిచ్చిన మ్యాట్ మీద రోజూ పడుకున్నాను. రెండు మూడు నెలల్లో కాలు లాగడం పోయింది, ఇప్పుడు పొలం పనులు మామూలుగా చేసుకుంటున్నాను. స్వయంగా అనుభవించిన మనిషిని కాబట్టి దీనివల్ల డిస్కు నయమవుతుందనే చెబుతాను.

ఫిజియోథెరపీ, హనుమకొండ

రైతు గారూ, మీ నొప్పి పోయి మళ్ళీ పొలానికి వెళ్ళగలగడం నిజంగా సంతోషం. మీ అనుభవాన్ని నేను శంకించడం లేదు. దాని వెనుక కారణం ఏమై ఉంటుందన్నదే నా ప్రశ్న. డిస్కు జారి కాలు లాగే నొప్పి చాలామందిలో ఆపరేషను లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో బాగా తగ్గుముఖం పడుతుంది. బయటికి వచ్చిన డిస్కు ముక్కను శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది. మీరు చెప్పిన రెండు మూడు నెలలు సరిగ్గా ఆ వ్యవధిలోనే ఉన్నాయి. ఆ కాలంలో మ్యాట్ మీకు నిద్ర పట్టించి, కండరాలను వదులు చేసి, నొప్పిని భరించే శక్తినిచ్చి ఉండవచ్చు. అది చిన్న సాయమేమీ కాదు. కానీ దాన్ని డిస్కుకు చికిత్సగా చెబితే, కాలిలో బలం తగ్గుతున్న మరో రైతు మీ మాట చదివి ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేస్తారేమోనని నా భయం.

పరిశోధనల సంగతి కూడా చెప్పాలి. ఈ మ్యాట్ల మీద జరిగినవి తక్కువ, జరిగినవి కూడా చిన్నవి. జర్మనీ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో దీర్ఘకాలిక మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్న 82 మంది పాల్గొన్నారు. కొందరు ఇంట్లో 14 రోజులు మ్యాట్ వాడారు, మిగిలినవారు తమ వంతు వచ్చేదాకా ఆగారు. వాడినవారిలో నొప్పి తగ్గింది. అయితే ముళ్ళ మీద పడుకున్న మనిషికి తాను ముళ్ళ మీద పడుకున్నానని తెలుస్తుంది కదా. అందువల్ల నమ్మకం ప్రభావమెంత, మ్యాట్ ప్రభావమెంత అన్నది ఇలాంటి ప్రయోగంలో విడదీయలేం. రెండు వారాల తర్వాత ఎంతకాలం నిలుస్తుందన్నదీ దీన్నిబట్టి తేలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో వ్యాయామం, నొప్పి గురించి రోగికి అవగాహన కల్పించడం, మర్దన వంటివి ఉన్నాయి. మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి కట్టుకు తిరిగే నడుము బెల్టును మాత్రం మామూలు వాడకానికి వద్దన్నారు. బెల్టుకు పెట్టే డబ్బు కన్నా మ్యాట్‌కు పెట్టే డబ్బు నయమని నా అభిప్రాయం. అయితే రోజూ ఓ అరగంట నడక ఈ రెండింటికన్నా ఎంతో మేలు చేస్తుంది.

మగ్గం ఇల్లు, భూదాన్ పోచంపల్లి

మా నాన్నగారు గుంట మగ్గం మీద నేస్తారు. నేల అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతూ, గంటల తరబడి ముందుకు వంగి పనిచేయాలి. ఆయనకు నడుముతో పాటు రెండు రెక్కల మధ్య కూడా నొప్పి ఉంటుంది. మా ఇంట్లో మ్యాట్ వాడుతున్నాం కనుక, ఎక్కడ పరుచుకోవాలన్నది చెప్పగలను.

నులక మంచం మీద గాని, నవారు మంచం మీద గాని అది పనికిరాదు. మంచం మధ్యలోకి కుంగిపోతుంది, మ్యాట్ ఒంగిపోయి అంచుల్లోని ముళ్ళు పక్కటెముకలకు గుచ్చుకుంటాయి. నేల మీద నేరుగా పరిస్తే కొత్తవారికి తట్టుకోవడం కష్టం. మేము నేల మీద మడత దుప్పటి పరిచి, దాని మీద మ్యాట్ వేసి, మొదట్లో పలుచని నూలు బనియనుతో పడుకోబెట్టేవాళ్ళం. నాన్నగారు ఇప్పుడు బనియను లేకుండానే పడుకుంటున్నారు. మొదటి రెండు మూడు నిమిషాలు మంటగా ఉంటుందట. తర్వాత వీపంతా వెచ్చబడి, ఆ నొప్పి తెలియకుండా పోతుందని అంటారు.

నడుము దగ్గర సహజంగా ఒక వంపు ఉంటుంది కాబట్టి అక్కడికి మ్యాట్ సరిగా తగలదు. మ్యాట్ కింద తువ్వాలు చుట్టి పెడితే ఆ వంపు నిండుతుంది. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుంటే నడుము మీద లాగుడు తగ్గుతుంది.

స్టాక్‌హోం తెలుగింటి నుంచి

నేను పదేళ్ళుగా స్వీడన్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఈ మ్యాట్లు మామూలు ఇంటి వస్తువులు. స్వీడిష్‌లో స్పిక్‌మత్తా అంటారు. 2009 ప్రాంతంలో ఇక్కడ వీటికి పెద్ద గిరాకీ వచ్చింది. అంతకు ముందు 1980లలో సోవియట్ యూనియన్‌లో కుజ్నెత్సోవ్ ఆప్లికేటర్ అనే పేరుతో ఇటువంటి వస్తువే ఇంటింటా వాడుకలో ఉండేది. ఇక్కడ అమ్మేవాటిలో వారణాసిలో చేత్తో కుట్టి తయారుచేసినవి కూడా ఉన్నాయి. వాటిని చూశాకే బిళ్ళలు అమర్చే పద్ధతి ఎంత ముఖ్యమో నాకు అర్థమైంది. బిళ్ళలను గుడ్డకు జిగురుతో అంటించిన మ్యాట్లకు, గుడ్డలోంచి బిగించినవాటికి మన్నికలో చాలా తేడా ఉంటుంది.

మన ఊళ్ళలో ఎండలకు జిగురు మెత్తబడే అవకాశం ఇంకా ఎక్కువ. మ్యాట్ చేతికి రాగానే మూలల్లోని బిళ్ళలను వేళ్ళతో మెల్లగా తిప్పి చూడండి. కదిలితే వెంటనే తిరిగి పంపించేయండి. ఊడిన బిళ్ళ ఉన్నచోట ఖాళీ ఏర్పడి, దాని పక్కన ఉన్న ముళ్ళు ఎక్కువగా గుచ్చుకుంటాయి.

విశ్రాంత మాస్టారు, అమలాపురం

కొబ్బరి పీచు గురించి అడిగారు కదమ్మా. మా కోనసీమలో పీచు పరుపులు కొత్త కాదు. పీచు గట్టిగా ఉంటుంది, కుంగదు, స్పాంజి కన్నా గాలి ఆడుతుంది. కానీ దానిలోకి తడి చేరిందంటే వానాకాలంలో ఆరడం కష్టం, ఆరకపోతే బూజు వాసన పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉక్కపోతకు చెమట పట్టని వీపు ఉండదు. కనుక లోపల ఏదున్నా సరే, జిప్పు తెరిచి తొడుగు తీసి ఉతుక్కునే వీలుండాలి. తొడుగును చేత్తో, సబ్బు నీళ్ళలో జాడించి నీడన ఆరేయాలి. నూనె రాసుకుని దాని మీద పడుకోకూడదు. బిళ్ళల అడుగున నూనె చేరితే ఎంత ఉతికినా పోదు.

స్పాంజి అయితే బొటనవేలితో అదిమి చూడాలి. వేలికి అడుగునున్న నేల తగిలితే ఆ స్పాంజి కొద్ది రోజుల్లోనే అట్టలా అణిగిపోతుంది.

కొనుగోలుదారు హక్కులు, విజయవాడ

చదివినంతలో ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. ప్యాకెట్టు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. విదేశం నుంచి వచ్చిన వస్తువైతే ఏ దేశానిదో కూడా రాయాలి. ఇవేవీ లేని మ్యాట్ పాడైతే ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఒంటికి తగిలే వస్తువు కనుక, తెరిచాక వెనక్కి తీసుకోబోమని చెప్పే అమ్మకందారులు కూడా ఉన్నారు. ఆ షరతు ముందే చదువుకోండి.

షుగరు, రక్తపోటు, ఊబకాయం నయమవుతాయని రాసిన పెట్టెను చూస్తే దూరంగా ఉండండి. అటువంటి జబ్బులకు నివారణ చూపుతామనే ప్రకటనలను 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధిస్తోంది. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

బ్యాంకు కౌంటరు, గుంటూరు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎక్కువ ముళ్ళున్నదీ, తొడుగు ఊడదీసి ఉతుక్కోగలిగినదీ, దళసరి స్పాంజి ఉన్నదీ చూసి తీసుకుంటాను. అత్తగారికి ఫిజియోథెరపీ గారి మాటలు చదివి వినిపించాను. మ్యాట్ వద్దులే, నాకు ఉప్పు కాపడం చాలు అన్నారు. కాపడమైనా పెట్టుకోవచ్చా? ఇంకో సందేహం: మ్యాట్‌తో పాటు మెడకు చిన్న ముళ్ళ దిండు కూడా కలిపి అమ్ముతున్నారు. అది అవసరమా? రోజుకు ఎంతసేపు పడుకోవాలి?

ఫిజియోథెరపీ, హనుమకొండ

కాపడం పెట్టవచ్చు గానీ, ఇక్కడా అదే జాగ్రత్త అవసరం. షుగరు వల్ల స్పర్శ తగ్గితే వేడి ఎంతుందో ఆమెకు సరిగా తెలియకపోవచ్చు. ఉప్పు మూట వేడిని ముందు మీ ముంజేతి మీద చూసుకుని, తువ్వాలు మడిచి వేసి దాని మీద పెట్టండి. మధ్యమధ్యలో తీసి చర్మం ఎర్రబడిందేమో చూడండి. ఆమె అలాగే నిద్రపోయే పరిస్థితి రానివ్వకండి. ఈసారి షుగరు వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు పాదాల స్పర్శ పరీక్ష చేయమని అడగండి. సాయంత్రం మీరు నడకకు వెళ్ళేటప్పుడు ఆమెను కూడా ఆమె వేగంతో తీసుకెళ్ళండి.

మీరు మొదట ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి పడుతోందనిపిస్తే ఇరవై నిమిషాల దాకా పెంచుకోండి. రాత్రంతా దాని మీద నిద్రపోవద్దు. లేచేటప్పుడు ఒక్కసారిగా కూర్చోకుండా ముందు పక్కకు దొర్లి, చేతి ఆసరాతో లేవండి. చర్మం ఎర్రబడటం మామూలే, కొంతసేపటికి పోతుంది. మరునాటికి కూడా పోకపోయినా, కమిలినట్టు నల్లబడినా, దురద వచ్చినా ఆపేయండి. రెండు మూడు వారాలు వాడాక కూడా తేడా తెలియకపోతే ఇంకా గట్టి మ్యాట్ కోసం వెతకనక్కర్లేదు. ఆ సమయాన్ని వైద్యుడు రాసిచ్చిన వ్యాయామాలకు ఇవ్వండి. బ్యాంకులో కూడా ప్రతి అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేయండి.

మెడ దిండు మీకు అవసరం లేదు, ఎందుకంటే మీ నొప్పి నడుముకే పరిమితమని రాశారు. ఆ దిండ్లు చాలావరకు ఎత్తుగా, గట్టిగా ఉంటాయి. మెడ వంపుకు సరిపడకపోతే లేని మెడ నొప్పి వస్తుంది. చేతుల్లోకి తిమ్మిరి దిగేవారు, మెడ తిప్పితే కళ్ళు తిరిగేవారు దాన్ని అసలు వాడకూడదు. మ్యాట్ విడిగా దొరికితే అదే తీసుకోండి, తల కింద మాత్రం మీరు రోజూ వాడే పలుచని దిండే ఉంచుకోండి.